ఇమాం బాషా పొడపత్రి

కోయిలకుంట్ల హకీం ఇమాం బాషా మనిషి ముఖం చూడడు, పొట్ట చూస్తాడు. సలాం చెప్పకముందే ఆయన చూపుడువేలు మన బొజ్జలో దిగబడుతుంది.

"అయివారూ, నిన్న నెయ్యి ఎంత పోసుకున్న్యారు?"

"రెండు చుక్కలు బాషా."

"చుక్కలా, గిద్దలా? నా యేలు చెప్తాండాది!"

నేను ఆ ఊరి బడిపంతులుని, ఆయన పక్కింటివాణ్ణి. నా ఖర్మ! కరక్కాయ, ఉసిరికాయ, నల్లమల నుంచి తెచ్చిన పొడపత్రి ఆకు నూరి రసం తీసి నా గొంతులో పోసేవాడు. నెలకోసారి మొలతాడు ఎంత వదులయిందో కొలిచేవాడు. నెయ్యి తిన్నవాడి రక్తం గంజిలా చిక్కబడుతుందట, ఈ రసం దాన్ని పలచన చేస్తుందట. నిజమో కాదో దేవుడికెరుక. పొడపత్రి నమిలితే కాసేపు నాలుకకు తీపి తెలియదన్నది మాత్రం పచ్చి నిజం.

యుద్ధం రోజులు, పైగా కరువు. బెల్లం దొరకదు, బర్రెలు వట్టిపోయాయి. అప్పుడే మా వీధి ఉరుకుందమ్మ తన మనవడికి చెవులు కుట్టించింది. యాభై మందిని పిలిస్తే నూరుమంది దిగారు. ఓళిగలు, అదే బొబ్బట్లు, చాలలేదంటే మా సీమలో ఆ మాట మూడు తరాలు చెప్పుకుంటారు.

పందిరి వాకిట్లో బాషా ఆకుల గంపతో నిలబడ్డాడు.

"నమలండప్పా! నమలకుండా నెయ్యి తింటే గుండె ఆగిపోతాది!"

భయంతో అందరం మేకల్లా నమిలాం.

ఓళిగ నోట్లో పెట్టుకుంటే మట్టిగడ్డ! కంబన్న రెడ్డి మండిపడ్డాడు. "నీ ఆకు పాడుగాను! సున్నం తిన్నట్టుండాది కదప్పా!"

రెండోది వడ్డించబోతే అందరం విస్తళ్ళకు చేతులు అడ్డం పెట్టాం. ఉరుకుందమ్మని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. తిట్లన్నీ బాషాకే. ఆయన తలొంచుకుని పడ్డాడు.

ఆఖరి బంతిలో కూలీలు, పిల్లలు మాత్రం లొట్టలేసుకుంటూ తింటున్నారు. నాకు ఆశ్చర్యం వేసింది.

"వీళ్ళకు ఆకు ఇయ్యలేదేం బాషా?"

"వాళ్ళకు కొవ్వు యాడుండాది అయివారూ?"

ఇంతలో ఉరుకుందమ్మ రెండు ఓళిగలతో వచ్చింది. కళ్ళు తుడుచుకుంటోంది.

"పొద్దున ఓళిగలు చాలవని నేను ఏడిస్తే, 'నేనుండా కదమ్మా' అన్న్యావు. నా పరువు నిలబెట్టినావు. తిను అన్నా."

అదా సంగతి! నేను నోరు తెరిచాను. బాషా కూడా తెరిచాడు, తినడానికి. ఆయన నాలుక ఆకుపచ్చగా ఉంది. నూరుమందిని నమ్మించడానికి పొద్దుటినుంచీ తానే ముందు నమిలినట్టున్నాడు.

ఆయన కళ్ళు మూసుకుని నిదానంగా నమిలి మింగాడు.

"అబ్బ! బెల్లం శానా బాగా పడిందమ్మా!"