బోరు నీళ్లలో ఉడికిన పట్టు

గద్వాలలో మా వాడకు నల్లా నీళ్లు ఆగి నాలుగు రోజులైంది. మాతో చీరలు నేయించుకునే సేటు ఇచ్చిన పట్టునూలు, ఆరు చిలపల కట్ట, ఇంట్లోనే ఉంది. పచ్చి పట్టుకుండే జిగురు పోయేదాకా దాన్ని సబ్బు నీళ్లలో ఉడకబెట్టి, రంగేసి, నా భార్య మగ్గానికి ఎక్కించాలి. శనివారంలోపు పని మొదలు కాకపోయినా, పట్టు పాడైనా, ఇక మాకు ఇవ్వనని సేటు ముందే చెప్పాడు. మాకున్నది ఆ ఒక్క మగ్గమే.

మంచినీళ్ల ప్లాంటు దగ్గర ఇంటికి ఒక్క డబ్బానే ఇస్తున్నారు, తాగడానికే చాలదు. మిగిలింది బోరు. చాయ గిన్నెకు తెల్లటి గార పట్టించే నీళ్లవి. వాటిలోని కాల్షియం సబ్బును విరిగిన పాలలా చేస్తుంది. బట్టల సోడా వేస్తే ఆ కాల్షియం పొడిగా అడుగుకు దిగుతుందని మా బిడ్డ పాఠ్యపుస్తకంలో చదివాను. నేను ఏడో తరగతితో బడి మానినవాణ్ణి. చీరల అంచులకు పోగులు లెక్కగడుతూ లెక్కలు నేర్చుకున్నాను.

సోడియం ముక్క నీళ్లలో పడితే భగ్గున మండుతుందని, కాల్షియం నెమ్మదిగా బుడగలు తీస్తుందని కూడా అదే పుస్తకంలో ఉంది. సోడాలో ఉన్నదీ సోడియమే కదా, పట్టును తినేస్తుందేమోనని భయపడ్డాను. ఒక్క కాల్షియానికి ఒక్క సోడియం చాలు, సోడాలో రెండున్నాయి, కాబట్టి సగం సోడా సరిపోతుందని లెక్క తేల్చాను. నలభై లీటర్లకు ఇరవై గ్రాములకు బదులు పది తూచాను.

మా ఇళ్లల్లో పట్టు ముంచే ముందు చెంబెడు నీళ్లలో సబ్బు గిలకొట్టి చూస్తారు. నురుగొస్తేనే ముంచుతారు.

"ఒకపారి చెంబుల చూడరాదు?" అంది నా భార్య.

"గ్రాముతో సహా లెక్క జేసిన. చెంబెందుకు?"

"గంత లెక్క తెలిసినోనికి చెంబెడు నీళ్లు బరువైనయా?"

నేను చూడలేదు. సోడా, సబ్బు కలిపి చిలపలు ముంచేశాను.

కాసేపటికి గుండిగలో తెల్లటి తెట్టు తేలింది. పట్టు పైకి తీస్తే వేళ్లకు మైనంలా జిడ్డంటింది. చేతులు తుడుచుకుని పుస్తకం మళ్లీ తెరిచాను. కాల్షియానికి రెండు ధనావేశాలు, సోడియానికి ఒక్కటే. ఒక్క కాల్షియం దిగాలంటే దాని బదులు రెండు సోడియాలు కావాలి. నా సగం సోడాతో సగం కాల్షియం నీళ్లలోనే మిగిలిపోయి సబ్బును పట్టుకుంది. సోడాలోని సోడియం అప్పటికే తన ఎలక్ట్రాన్‌ను వదిలేసింది, మండే గుణం దానికి లేదు. నేను భయపడ్డది లేని మంటకు.

సోడా సరిగా వేసి, చెంబులో నురుగు చూసి, మళ్లీ ఉడికించాం. జిడ్డు కొంత పోయింది. పోనిచోట రంగు పట్టలేదు. ఎరుపు మధ్యలో బొల్లి మచ్చల్లా మిగిలాయి.

శనివారం ఇద్దరం చిలపలు తీసుకుపోతే, సేటు ఒకదాన్ని వెలుగుకు పెట్టి చూశాడు.

"ఎవరు ఉడకబెట్టిండ్రు దీన్ని?"

"నేనే," అంది నా భార్య.

"కాదు సేటూ, నేను. ఆమె చెప్పింది, నేనే ఇనలే. ఇంకొక్కపారి ఇయ్యి."

"నువ్వు ఇంటవో ఇనవో నాకెట్ల తెలుస్తది? ఇచ్చేది లేదు." చిలపలన్నీ లోపల పెట్టించాడు.

సోమవారం పొద్దున నా భార్య వెనక వీధిలో వేరేవాళ్ల మగ్గానికి పోయింది. అంచును చీరకు కలుపుతూ నేయడానికి ఇద్దరు కావాలి, అక్కడ రెండో మనిషి లేరట. పదిహేడేళ్లు తన మగ్గం మీద నేసిన మనిషి. "అన్నం గిన్నెల ఉంది," అని మాత్రం పోతూ నాతో చెప్పింది.