సుగుణమ్మ టీచర్ సముద్రపు తొట్టె

మొన్న గుంటూరులో కళ్ళద్దాల కొట్టుకు వెళితే, బల్ల పక్కన చేపల గాజుతొట్టె కనిపించింది. మూత తీసి ఉంది. ఆ ఉప్పునీటి వాసన తగలగానే సుగుణమ్మ టీచర్ గుర్తొచ్చి, నాలో పాత మంట మళ్ళీ రాజుకుంది. యాభైల చివర్లో నరసరావుపేటలో ఆడపిల్లల బడిలో మేమిద్దరం సైన్సు టీచర్లం. ఆమె వయసులోనూ ఉద్యోగంలోనూ పెద్దది. ముప్పాళ్ళ నుంచి వచ్చి కొత్తగా ఉద్యోగంలో చేరినదాన్ని నేను.

ఆ వేసవిలో ఆమె ట్రైనింగుకని విశాఖపట్నం వెళ్ళి, ఊరగాయ జాడీల నిండా సముద్రపు నీళ్ళు, తడిగోనెలో చుట్టిన ఒక రాయి రైల్లో తెచ్చింది. నా క్లాసుకు ఎదురు గదిలో గాజుతొట్టె పెట్టి, ఆ నీళ్ళు కొన్ని పోసి రాయి అందులో ఉంచింది. రాయికి అంటుకుని, పువ్వులా విచ్చుకునే జీవి ఒకటి ఉండేది. సైకిలు పంపుతో లారీ ట్యూబులో గాలి నింపి, సన్నని రబ్బరు గొట్టంతో బుడగలు బుడగలుగా నీళ్ళలోకి వదిలేది. పిల్లలంతా అక్కడే. నా క్లాసులో మందారపువ్వు కోసి చూపిస్తుంటే కిటికీలోంచి ఆ తొట్టె వైపే చూసేవాళ్ళు. మూడు వారాలైనా ఆమె చేపలు వేయలేదు.

"ఏందండీ, ఒట్టి నీళ్ళకు కాపలా?" అన్నాను ఒకరోజు.

"నీళ్ళు కుదురుకోవాలమ్మాయ్. తొందరపడితే అన్నీ చస్తయ్," అంది.

అక్కకొడుకు బాప్తిస్మానికి మూడు రోజులు పిడుగురాళ్ళ వెళుతూ తొట్టె నాకు అప్పగించింది. "రెండుపూటలా గాలి కొట్టు. నీళ్ళు ఆవిరై తగ్గితే మంచినీళ్ళే పొయ్యి, ఉప్పు అందులోనే ఉంటది. కొత్తగా ఏమీ వెయ్యమాక, రాజ్యం."

ఆ సాయంత్రమే బాపట్ల నుంచి వచ్చిన మా బావ చేత తెప్పించుకున్న పదకొండు సముద్రపు చేపలు వేసేశాను. మర్నాడు పిల్లలు చప్పట్లు కొట్టారు. "రాజ్యం టీచర్ చేపలు!" అన్నారు. ఆ ఒక్కరోజు నేల మీద నడిచినట్టు లేదు నాకు. మూడోనాటికి నీళ్ళు గంజిలా తెల్లబడ్డాయి. చేపలన్నీ తేలాయి. రాతిమీది పువ్వు కుళ్ళి జారిపోయింది.

సుగుణమ్మ టీచర్ వచ్చి, కొంగు దోపుకుని, ఒక్కొక్క చేపనూ తీసి పళ్ళెంలో పెట్టింది. ఎండ వల్లేనని చెబుదామనుకున్నాను.

"పిల్లలు చప్పట్లు కొట్టారా?" అంది.

"కొట్టారండీ." ఏడుపొచ్చేసింది.

"ఆ మోత నాకూ చానా ఇష్టమేలే. అందుకేగా, నీ క్లాసప్పుడు కూడా ఈ గది తలుపు మూయలా. ఇంకా నాలుగు జాడీల నీళ్ళున్నయ్. ఈసారి నువ్వే పెట్టు. నేను చెయ్యి పెట్టను."

పెట్టాను. నలభై రోజులు ఒట్టి నీళ్ళను చూస్తూ కూర్చున్నాను. తర్వాత ఒకే ఒక్క చేప వేశాను. అది బతికింది. పిల్లలు చుట్టూ మూగి, "ఇది సుగుణమ్మ టీచర్ తొట్టేనా అండీ?" అని అడిగారు. ఆమె గట్టిగా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. అసూయ నన్ను వదిలిందని చెప్పను. నేను హెడ్‌మిస్ట్రెస్‌నయ్యాక ఒక కుర్ర టీచరు చుట్టూ పిల్లలు విరగబడుతుంటే కడుపులో అదే మంట. తప్పులు వెతకడానికి ఆ అమ్మాయి క్లాసు గుమ్మందాకా వెళ్ళేదాన్ని. వెళ్ళి, కాసేపు బయటే నిలబడి, పాఠం విని, చప్పుడు చేయకుండా తిరిగి వచ్చేసేదాన్ని.