సత్రానికి వెళ్ళిన మీగడ

మా చిన్నప్పుడు పెరుగు మీద మీగడ నాది... ఇంట్లో అందరూ ఒప్పుకున్న సంగతే అది. అలాంటిది ఒకరోజు అన్నంలో పెరుగు వేస్తే మీగడ లేదు!

"అమ్మా, మీగడేదీ?"

"సత్రంలో సిపాయికి ఎట్టీసినాను. ఆడు లెగిసి నడవాల కదా!"

అక్కడ మొదలైంది నా కడుపుమంట...

బరంపురంలో మాది కిరాణా వ్యాపారుల వీధి. యుద్ధంలో మోకాలి కింద కాలు పోయిన ఆ సిపాయి, సింహాచలం, ఆసుపత్రి నుంచి వచ్చాక మా వీధివాళ్ళే సత్రంలో గది ఇచ్చారు. చందాలు వేసుకుని కొయ్యకాలు చేయించారు. పట్టుకుని నడక నేర్చుకోవడానికి వాకిట్లో నడుమెత్తున రెండు వెదురుబొంగులు కట్టారు. భోజనం ఇంటికో వంతు... మా వంతు వారానికి ఒక్కసారే. కానీ అమ్మ క్యారేజీ రోజూ వెళ్ళేది!

అతను అమ్మను సొంత అక్కలా "అప్పా" అని పిలిచేవాడు. నన్ను చూస్తే "ఏటల్లుడా, ఇస్కూలుకెల్లలేదా?" అని నవ్వేవాడు. ఎవడికయ్యా అల్లుణ్ణి! ఒళ్ళు మండిపోయేది నాకు.

అతను వెదురు పట్టుకుని అడుగేస్తుంటే అమ్మ ఊపిరి బిగబట్టి చూసేది. నేను సత్రం గోడ మీంచి దూకినా ఇటు తిరిగేది కాదు.

అంతటితో ఆగిందా... మా ఊళ్ళో రెండేళ్ళకోసారి ఠాకురాణి జాతర. మొక్కున్నవాళ్ళు ఏదో ఒక వేషం కట్టి అమ్మవారి దగ్గరకు వెళ్తారు. నాకు చలిజ్వరం వచ్చినప్పుడు అమ్మ మొక్కింది ఒక్క కొబ్బరికాయ. సింహాచలం కోసం ఏం మొక్కిందో తెలుసా... "ఈడు కర్ర లేకండా నడిస్తే నా కొడుకు సేత పులేసం కట్టిత్తాను తల్లీ!" అని. కాలు అతనిది, మొక్కు అమ్మది, తోక నాకు!

"నన్నడగలేదేటి?" అన్నాను ఉక్రోషంగా.

"పరాయోల్ల పిల్లల సేత ఏసం కట్టిత్తానని మొక్కుతారేట్రా? నా పిల్లడివి గనక మొక్కినాను" అంది.

కుళ్ళుతో ఉన్నవాడికి ఆ మాట చెవికెక్కుతుందా...

జాతర రోజు ఒళ్ళంతా పసుపు రంగు, నల్ల చారలు. ఎండకి రంగు బిగుసుకుపోయి ఒకటే దురద. డప్పులకి ఎగిరాను, పల్టీలు కొట్టాను. వీధంతా నన్నే చూసింది. అమ్మ మాత్రం నా వెనకాల కర్ర లేకుండా నడిచొస్తున్న సింహాచలం కాళ్ళనే చూస్తోంది. అతను అమ్మవారి ముందు నిలబడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

నా తోక ఊడిపోయిందని ఎవరూ గమనించలేదు. అతనొక్కడే చూశాడు. వంగబోయి, వంగలేక, "అల్లుడా, తోక పడిపోనాది, తీసుకో" అన్నాడు.

వారం తిరక్కుండానే సొంత ఊరు వెళ్ళిపోయాడు. మీగడ మళ్ళీ నా గిన్నెలోకి వచ్చింది. అమ్మ మాత్రం క్యారేజీ తోమి, తుడిచి, గూట్లో పెట్టి, చాలాసేపు దానివైపే చూస్తూ కూర్చుంది. ఆ రోజు కుళ్ళుకున్నంతగా నేనెప్పుడూ కుళ్ళుకోలేదు. నిజం చెప్పొద్దూ... ఇప్పటికీ తగ్గలేదు.

ఇప్పుడు గాయపడ్డ జవాన్లకి నేనూ విరాళం పంపుతాను... ఫోనులో ఒక్క నొక్కు, అంతే. మా పిల్లలకి ఆ సంగతే తెలియదు. వాళ్ళ గిన్నెలో ఏమీ తగ్గదు... వాళ్ళకి ఎవరి మీదా కుళ్ళు పుట్టదు.

మీ గిన్నెలోంచి తీసి మీ అమ్మ ఎవరికి పెట్టేది? కడుపుమంటతో సహా రాయండి...