ఇరవైకి రెండు తక్కువ

నేను లెక్కల టీచర్ని. ఇల్లు నిజామాబాద్‌లో, బడి బోధన్ దాటాక ఒక ఊళ్లో. పదహారేళ్లుగా రోజూ అదే బస్సు. నోటుబుక్కులు చాలావరకు ఆ బస్సులోనే దిద్దుతాను. గుంత వచ్చిన చోటల్లా ఎర్ర గీత వంకరపోతుంది. ఆ వంకరలు చూసి పిల్లలు "మేడం బస్సుల దిద్దింది" అని నవ్వుకుంటారని నాకు తెలుసు.

కరోనాకు మూసిన బడులు మళ్లీ తెరిచాక నా దిద్దుబాటు మారిపోయింది. అంతకుముందు పిల్లల తప్పులు పిల్లల్లాగే ఉండేవి, ఒక్కొక్కటి ఒక్కో రకం. ఇప్పుడు పదిమంది పుస్తకాల్లో ఒకటే లెక్క, ఒకటే వరుస, మేము ఎన్నడూ చెప్పని మాటలు. ఫోన్‌తో ఫొటో తీస్తే జవాబు మెట్లు మెట్లుగా వస్తోందని నాకు ఆలస్యంగా తెలిసింది. అప్పటినుంచి పుస్తకం తెరుస్తూనే దొంగను వెతకడం మొదలుపెట్టాను. లెక్క సరిగ్గా ఉంటే సంతోషం బదులు అనుమానం వచ్చేది. అది ఎంత పెద్ద జబ్బో అప్పుడు నాకు తెలియలేదు.

ఏడో తరగతిలో ఒక పిల్ల ఉండేది. బక్కగా, రెండు జడలు వేసుకుని, మూడో వరుసలో గోడ పక్కన కూర్చునేది. అడిగితే తప్ప మాట్లాడేది కాదు. తల్లి బీడీలు చేస్తుంది. తండ్రి ట్రాక్టర్ మీద కూలీకి పోతాడు. ఒక శుక్రవారం సగటు పాఠం చెప్పి ఇంటికి ఒక లెక్క ఇచ్చాను. ఎనిమిది చెరకు బండ్లు, వాటి బరువులు క్వింటాళ్లలో పద్దెనిమిది, ఇరవై మూడు, ఇరవై ఒకటి, పదహారు, ఇరవై నాలుగు, ఇరవై, పంతొమ్మిది, ఇరవై ఏడు. సగటు బరువెంత? అన్నీ కూడి ఎనిమిదితో భాగించాలి. అదే నేను చెప్పింది.

శనివారం తరగతిలోనే పుస్తకాలు తీసుకుని చూశాను. ఆ పిల్ల పుస్తకంలో కూడిక లేదు, భాగహారం లేదు. పైన ఇరవై అని రాసి, కింద వరుసగా రెండు తక్కువ, మూడు ఎక్కువ, ఒకటి ఎక్కువ, నాలుగు తక్కువ అని రాసుకుంటూ పోయింది. చివర ఎనిమిది ఎక్కువ, బండికి ఒకటి, జవాబు ఇరవై ఒకటి. జవాబు సరైనదే. ఆ పద్ధతి పై తరగతుల్లో వస్తుంది. ఏడో తరగతి పిల్లకు తెలిసే వీలు లేదు. నేను ఆ పిల్లను ముందుకు పిలిచాను.

"ఇది నేను చెప్పిన పద్ధతేనా?"

"కాదు మేడం."

"మరి యాడ నేర్చుకున్నవ్?"

"మా తాత చెప్పిండు."

"మీ తాత ఫోన్‌ల ఉంటడా?"

తరగతంతా నవ్వింది. నిజం చెప్పాలంటే, వాళ్లు నవ్వినందుకు నాకు బాగానే అనిపించింది. పుస్తకం మీద ఈ మూల నుంచి ఆ మూల దాకా ఎర్ర గీత కొట్టాను. ఆ పిల్ల ఏడవలేదు. మెల్లగా ఒక మాట అంది. "ఫోన్ మా నాయన తీస్కపోతడు మేడం. మేం పండుకున్నంక వస్తడు." పోయి కూర్చొమ్మన్నాను. ఆ మాట నా చెవిన పడింది కానీ నేను వినలేదు.

అప్పుడు నా బిడ్డ తొమ్మిదో తరగతి, టౌన్‌లో ప్రైవేటు బడి. దాని లెక్కల పుస్తకం అంటే నాకు గర్వం. ఒక్క కొట్టివేత ఉండదు. స్టాఫ్ రూములో రెండు మూడుసార్లు చూపించాను కూడా. మరునాడు ఆదివారం సాయంత్రం వంటింట్లో బెండకాయలు కోస్తున్నాను. అది టేబుల్ దగ్గర హోంవర్క్ చేసుకుంటోంది. మంచినీళ్లకని అటు వెళ్తే, పుస్తకం పక్కన ఫోన్, ఫోన్‌లో లెక్క, దాని కింద మెట్లు. బిడ్డ చేయి ఆ మెట్లను దించుకుంటోంది. నన్ను చూసి ఫోన్ దాచలేదు. ఆ భయం కూడా దానికి లేదు.

"ఎన్ని రోజుల సంది ఇట్ల చేస్తున్నవ్?"

"ఎయిత్ నుంచి."

"ఇంట్ల లెక్కల టీచర్‌ను పెట్టుకొని? నన్ను అడగరాదా?"

"అడిగిన మమ్మీ. ఇది గూడ రాదా అన్నవ్. ఫోన్ అట్ల అనది."

కోపంగా అనలేదు. టైమెంతయిందని అడిగితే చెప్పినట్టు చెప్పింది. నేను ఎప్పుడు అన్నానో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. ఒక్కసారి కాదని, చాలాసార్లు అని ఉంటానని నాకే అర్థమైంది. బడిలో నలభైమందికి ఓపిక పంచి ఇంటికొచ్చేసరికి దానికి మిగిలేది అదే. ఆ మాటలన్నింటిలో ఏ రోజు మాటకు అది నన్ను అడగడం మానేసిందో నాకు తెలియదు.

కాసేపయ్యాక, ఎందుకో, దిద్దడానికి తెచ్చిన కట్టలోంచి ఆ పిల్ల పుస్తకం తీశాను. పైనున్న లెక్కను ఫొటో తీయమని బిడ్డకు చెప్పాను. ఫోన్ ఎనిమిది అంకెలనూ కూడింది. నూట అరవై ఎనిమిది. ఎనిమిదితో భాగించింది. ఇంకోసారి తీయమన్నాను. మళ్లీ అదే. పైన ఇరవై పెట్టుకోవడం లేదు, తక్కువా ఎక్కువా లేవు. నా ఎర్ర గీత కింద ఉన్న లెక్కను బిడ్డ వేలు పెట్టి చదువుకుంది.

"మంచిగుంది మమ్మీ ఇది. ఎవరు చేసిండ్రు?"

పుస్తకం మూసి కట్టలో పెట్టేశాను.

సోమవారం ఆ పిల్ల బడికి రాలేదు. మంగళవారం, బుధవారం కూడా రాలేదు. గురువారం బడి వదిలాక ఇల్లు అడుగుతూ పోయాను. అరుగు మీద తల్లి ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. పక్కన ఆ పిల్ల, రేకు ముక్కను తునికాకు మీద పెట్టి కత్తెరతో దాని చుట్టూ కత్తిరిస్తోంది. నన్ను చూసి లేచి నిలబడి, మళ్లీ కూర్చుంది.

"రండి మేడం, కూసోండి," అంది తల్లి. "కడుపుల నొస్తుందంటది, బడికి వోనంటది. ఏం జెయ్యాల్నో సమజైతలేదు. సరే తియ్ అని ఆకు కత్తిరియ్యమన్న."

లోపలి నుంచి ముసలాయన కర్ర పట్టుకుని వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"బండ్ల లెక్క ఇచ్చింది నువ్వేనా బిడ్డ?"

"నేనే తాత."

"చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్ని దినాలు కాటా కాడ నేనే నిలవడుతుంటి. రాసెటాయన రాసుకుంటడు, నేను గట్టిగ ఒర్రెటోన్ని. ఇరవైకి రెండు తక్కువ, ఇరవైకి మూడెక్కువ. పొద్దుమీకెటాలకు సగటు నా నోట్లెనే ఉంటుండె. నాకు సదువు రాదు. గదే పిల్లకు జెప్పిన. తప్పా?"

"తప్పు కాదు తాత. సరైన లెక్కనే."

"మరి కొట్టేసినవంట."

"నాదే తప్పు."

ముసలాయన కర్రతో పిల్ల వైపు చూపించాడు. "గా మాట నాకెందుకు? పిల్లకు జెప్పు," అన్నాడు.

పిల్ల నాలుగు అడుగుల దూరంలో ఉంది. తల ఎత్తలేదు. కత్తెర ఆగలేదు. చెప్పాలనే నోరు తెరిచాను. "రేపు బడికి రా" అన్న మాట మాత్రమే వచ్చింది. ఇన్నేళ్లలో ఒక పిల్లకు తప్పయిందని చెప్పడం నాకు అలవాటు కాలేదు. తల్లి తెచ్చిన చాయ తాగి వచ్చేశాను. బోధన్ బస్టాండులో మరాఠీ ముసలమ్మ ఒకామె జరిగి నాకు చోటిచ్చి, ఏదో అడిగింది. నేను ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది.

సోమవారం ఆ పిల్ల వచ్చింది. ఈసారి తరగతిలో అందరి ముందే చెప్పాను. ఈమె చేసిన లెక్క సరైనది, నేను చూడకుండా కొట్టేశాను, తప్పు నాది అన్నాను. చప్పట్లు కొట్టమంటే కొట్టారు. తర్వాత చాక్‌పీసు చేతికిచ్చి, నీ పద్ధతి అందరికీ చెప్పు అన్నాను. అది మంచి పని అనుకున్నాను. ఆ పిల్ల బోర్డు ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత ఎనిమిది అంకెలూ ఒకదాని కింద ఒకటి రాసి, కూడి, భాగించింది. చేయి దులుపుకుని పోయి తన చోట కూర్చుంది.

ఆ తర్వాత మూడేళ్లు నా దగ్గరే చదివింది. ఒక్క తప్పూ లేకుండా, పుస్తకంలో ఎలా ఉంటే అలా చేసేది. మధ్యలో ఒక చలికాలం తాత పోయాడు. తాత చెప్పిన ఆ పద్ధతే పై తరగతిలో పాఠంగా వచ్చిన రోజు, నేను బోర్డు మీద రాస్తూ ఉండబట్టలేక వెనక్కి తిరిగి చూశాను. పట్టిక గీసుకుని, సూత్రం రాసుకుంటోంది, మొదటిసారి చూస్తున్నట్టు. గంట కొట్టాక వరండాలో ఆపాను.

"ఇది నీకు ముందే వచ్చు కద. మీ తాత చెప్పినట్టు చెయ్యరాదు?"

"వద్దు మేడం. మార్కులు పోతయ్."

పోవని చెప్పాను. తల ఊపింది. నమ్మలేదు. నమ్మమని అడిగే హక్కు నాకు లేదు.

ఇంట్లో నేను నోరు అదుపులో పెట్టుకోవడం నేర్చుకున్నాను. రాత్రి అన్నాలయ్యాక బిడ్డ పక్కన కూర్చునేదాన్ని. ఊరికే, అది చేసుకుంటుంటే చూస్తూ. మొదట్లో ఇబ్బంది పడింది, తర్వాత అలవాటయింది. ఎప్పుడన్నా ఒకటి అడుగుతుంది. నేను చెప్పడం మొదలుపెట్టిన రెండు నిమిషాలకే "అర్థమైంది మమ్మీ, చాలు" అంటుంది. అర్థమై అనే మాటకూ, తప్పించుకోవడానికి అనే మాటకూ తేడా ఇన్నేళ్ల టీచర్‌కు తెలియకుండా ఉండదు. ఆ తర్వాత అది ఫోన్ తీసుకుంటే నేనేమీ అనను. ఫోన్ చెడ్డదని తల్లిదండ్రుల మీటింగుల్లో గట్టిగా చెప్పేదాన్ని ఒకప్పుడు. ఇప్పుడు ఎవరైనా అడిగితే, పిల్ల మొదట మిమ్మల్ని అడిగిందా, అడిగితే మీరేమన్నారు అని తిరిగి అడుగుతున్నాను. వాళ్లకు ఆ ప్రశ్న నచ్చదు.

ఈ జూన్‌లో ఆ పిల్ల పదో తరగతి పాసై కాగితాల కోసం బడికి వచ్చింది. తల్లి కూడా వచ్చి గేటు దగ్గర నీడలో నిలబడింది. లెక్కల్లో మంచి మార్కులే. ఏ గ్రూపు తీసుకుంటున్నావని అడిగాను.

"సీఈసీ మేడం."

"ఎందుకు? నీకు లెక్కలు మంచిగొస్తయ్ కద."

"అండ్ల లెక్కలుండయ్ కద మేడం," అంది. నేను అడిగినదానికి అదే జవాబు.

కాగితాల మీద సంతకం పెట్టి ఇచ్చాను. ప్లాస్టిక్ కవరులో జాగ్రత్తగా పెట్టుకుని, వస్త మేడం అని మెట్లు దిగిపోయింది. పైనుంచి చూస్తే తల్లి భుజం దాటి ఎదిగింది. ఇద్దరూ రోడ్డు దాటి ఆటో ఎక్కేదాకా నిలబడ్డాను. హెడ్మాస్టర్ గదిలోంచి ఎవరో నన్ను పిలుస్తున్నారు.