శామ్యూల్ బేస్ గిటారు

1984లో నయాపూల్ దగ్గర నాకు యాంప్లిఫయర్లు బాగుచేసే దుకాణం ఉండేది. వచ్చినవాళ్లలో సగం మంది "సౌండ్ పెంచు" అనేవాళ్లే. పెళ్లి బ్యాండ్లవాళ్లు మరీను, ఊరంతా చెవిటిదని వాళ్ల నమ్మకం.

ఒక సాయంత్రం కంచన్‌బాగ్ ఫ్యాక్టరీలో పనిచేసే డేవిడ్ బేస్ గిటారు పట్టుకుని వచ్చాడు. అది వాళ్లన్న శామ్యూల్‌ది. ఆయన పెళ్లి ఊరేగింపుల్లో వాయించేవాడు, ఆ ముందటేడే పోయాడు.

"అన్నా, ఇండ్ల ప్రీయాంప్ పెట్టు. నేనెంత వాయించినా మా అన్న సప్పుడు వస్తలేదు. మర్సిపోతనేమోనని ఫికరైతుంది. ఒక్కపారి విన్నా సాలు."

అది ప్యాసివ్ గిటారు. బ్యాటరీ ఉండదు, తీగ కదిలితే పుట్టే సన్నటి సిగ్నల్ అలాగే వైరు పట్టుకుని యాంప్లిఫయర్‌కు పోతుంది. యాక్టివ్‌లో అయితే గిటారు లోపలే బ్యాటరీతో నడిచే చిన్న సర్క్యూట్ ఉంటుంది. దాన్నే ప్రీయాంప్ అంటారు. సిగ్నల్‌కు బలమిచ్చి పంపుతుంది. అది బిగించి, పాత పద్ధతిలోనూ వాయించుకునేలా ఒక స్విచ్ పెట్టాను.

ప్రతి మీటూ కడిగిన గాజులా స్పష్టంగా పలికింది. నేను మీసం మెలేసుకునేలోపే డేవిడ్ ముఖం వాడిపోయింది.

"మస్తుంది అన్నా. గని మా అన్నది గిట్ల లేకుండె."

స్విచ్ ప్యాసివ్‌కు తిప్పితే కాస్త మెత్తబడింది. అదీ కాదట. నాకు చిర్రెత్తింది. "మీ అన్న ఏమన్నా మంత్రం వేసి వాయించేవాడా?"

"మంత్రమేంది అన్నా! యాంపు తోపుడు బండి మీద ఉంటుండె. అన్న మస్తు దూరం ముంగట నడుసుకుంట కొడుతుండె. నేను నడుమ వైరు పట్కొని నడుస్తుంటి."

అప్పుడు తెలిసింది. ప్యాసివ్ గిటారుకు వైరు పొడుగయ్యేకొద్దీ కీచుదనమంతా దారిలోనే పోతుంది, గుండ్రటి మసక మోత మిగులుతుంది. యాక్టివ్‌లో ప్రీయాంప్ ఆ నష్టం జరగనివ్వదు. నేను పరీక్షించింది బల్ల మీది మూరెడు వైరుతో.

దుకాణంలో దొరికిన గిటారుకు వాడే షీల్డ్ వైర్లన్నీ ఒకదానికొకటి అతికి, డేవిడ్‌ను రోడ్డు మీదకు పంపి, ప్యాసివ్‌లో వాయించమన్నాను. ఒక్క మీటుకే అతని కళ్లు నిండాయి.

"ఇదే అన్నా. మా అన్నదే."

పాట ఎత్తుకున్నాడు. రిక్షావాళ్లు కూడా ఆగి విన్నారు. సగంలో చెయ్యి తీసేశాడు. ఏమైందని అడిగాను.

"గీడికొచ్చినంక అన్న జరంత ఆగి కొడుతుండె. నాకు ఆ ఆగుడు రాదు అన్నా."

సర్క్యూటు మార్చగలను, వైరు అతకగలను, ఆ ఆగడం ఎక్కడినుంచి తేను? ప్రీయాంప్ తీసెయ్యనా అని అడిగాను.

"ఉండనియ్యి అన్నా. అన్న యాదికొస్తె ప్యాసివ్ దిక్కు తిప్పి, గీ పొడుగు వైరు పెట్టుకుంట. మిగిలిన దినాలు నేను వాయించుకోవాలె గద."

యాక్టివ్ మంచిదా, ప్యాసివ్ మంచిదా అని కుర్రాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు. ఎవరిని వినాలని ఉందో ముందు చెప్పమంటాను.