కొసరుగా ఇచ్చిన పాస్‌వర్డు

మోసపోయినవాళ్ల కథలు మీరు చాలా విని ఉంటారు. బేరమాడి మరీ మోసపోయినవాడి కథ విని ఉండరు. అయితే కూర్చోండి. ఒక మనిషి తన పరువును, తొమ్మిది వందల రూపాయలను, భార్య వ్యాపారాన్ని కలిపి మూటగట్టి దొంగ చేతిలో పెట్టి, పైగా వాడికే థాంక్స్ ఎలా చెప్పాడో వివరిస్తాను. ఆ మనిషిని నేనే.

మాది చిక్కపేటలో పాత్రల అంగడి. నాకు నడక కంటే ముందు బేరం వచ్చిందని మా నాయన చెప్పేవాడు. పెళ్లయి యలహంకలో కాపురం పెట్టిన కొత్తలో, ఆటోవాళ్లు నన్ను చూడగానే అడక్కుండానే మీటరు వేసేవాళ్లు. నాతో బేరమాడడం కంటే అదే మేలని.

అలాంటి నాకు ఒక ఉదయం మెయిలు వచ్చింది. "ప్రియమైన వినియోగదారుడా, మీ మెయిల్‌బాక్సు నిండిపోయింది. ఇరవై నాలుగు గంటల్లో రెన్యువల్ చేయకపోతే సర్వం తుడిచేస్తాం." ఎక్కడా నా పేరు లేదు. పంపినవాడి అడ్రసు చూస్తే, సంతలో తప్పిపోయిన అక్షరాలన్నీ చేతులు పట్టుకుని నిలబడ్డట్టుంది. ఆ మాటకొస్తే నా మెయిల్లో ఉన్నవి పరుపుల ప్రకటనలే. అయినా పోతాయంటే ప్రాణం ఒప్పుకోలేదు. కింద ఉన్న నంబరుకు ఫోను చేశాను.

"ఎంతప్పా రెన్యువల్?"

"నాలుగు వేల తొమ్మిది వందలు సార్."

"అంత లేదులే. చివరి మాట చెప్పు."

"మీరే చెప్పండి సార్."

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. మా నాయన "మీరే చెప్పండి" అనేది సొట్టబిందె అమ్మేటప్పుడు మాత్రమే. ఆ సంగతి నాకు తెలుసు. కానీ గెలుపు వాసన తగిలినవాడికి బిందెలో సొట్టేమిటి, అసలు బిందే కనబడదు.

"ఏడు వందలు."

"మీకోసం తొమ్మిది వందలు చేసుకోండి సార్."

డబ్బు పంపాను. పాస్‌వర్డు అడిగాడు, చెప్పాను. అంతటితో ఫోను పెట్టేసి ఉంటే నేను మామూలు మూర్ఖుణ్ణే. పెట్టలేదు.

"సరే, కొసరేమిస్తావు?"

"కొసరా సార్?"

"ఏమప్పా, కూరగాయలు కొంటే గుప్పెడు కొత్తిమీర వెయ్యరా? మా ఇంటామె మెయిలు కూడా ఇందులోనే చేసెయ్యి."

పాపం, అంత మంచి గిరాకీ అతనికి జన్మలో తగిలి ఉండదు.

"తప్పకుండా సార్. మేడం పాస్‌వర్డు చెప్పండి."

చెప్పాను. అతను తప్పు కొడితే దిద్దాను కూడా. చివర్లో థాంక్స్ చెప్పి మరీ ఫోను పెట్టాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను మందుకు బేరమాడి, పెళ్లాం నాలుక కూడా అప్పజెప్పాను.

మా పద్మ ఇంట్లోనే పెళ్లి జాకెట్లు కుట్టేది. అందరి కొలతలూ, డిజైన్లూ ఆ మెయిల్లోనే దాచుకునేది. అప్పటికి చేతిలో ఒకే పెళ్లికి పదకొండు జాకెట్లున్నాయి, పది రోజుల్లో ముహూర్తం. ఇదేమీ ఆలోచించని నేను మధ్యాహ్నం ముద్ద కలుపుతూ నా విజయగాథ వినిపించాను.

"నీది ఊరికే చేయించినా, తెలుసా?"

పద్మ గరిటె దించింది. "నా పాస్‌వర్డు ఎవురికి చెప్పినారు?"

"మెయిలు వాళ్లకే."

"మెయిలు వాళ్లదైతే, దాంట్లోకి పోయే దారి మిమ్మల్ని అడుగుతారా?"

అంతలో ఆమె ఫోను మోగింది. హిందూపురం నుంచి మా అత్తగారు. రిటైరైన టీచరు.

"ఏమే పద్మా, యాడుండావు?"

"ఇంట్లోనే ఉండానమ్మా."

"ఢిల్లీలో ఆస్పత్రిలో ఉండానని, ఇరవై వేలు పంపమని నీ మెయిలు వచ్చింది మరి."

పద్మ ఫోను నా చేతిలో పెట్టి కంప్యూటరు ముందు కూలబడింది. మెయిలు ఇంకా తెరిచే ఉంది. పాస్‌వర్డు మార్చబోతే చక్రం తిరిగింది, తిరిగింది. పదకొండు జాకెట్లు నా మెడ చుట్టూ తిరిగాయి. చివరికి మారింది. కొలతలన్నీ భద్రం. నా తొమ్మిది వందలు మాత్రం తిరిగి రాలేదు. "నా పేరుతో డబ్బడిగితే నమ్మొద్దండి" అని పద్మ నా ఫోను తీసుకుని కస్టమర్లందరికీ చెబుతుంటే, నేను తేరుకుని ఇంకా లైనులోనే ఉన్న అత్తగారినడిగాను.

"అది దొంగ మెయిలని ఎట్లా కనుక్కున్నారత్తమ్మా? అడ్రసు పద్మదే కదా."

"అడ్రసు దానిదేనప్పా. డబ్బడిగింది, సరే, అడుగుతుంటాది. ఆస్పత్రి అనింది, అదీ సరే. కడాన, 'మా ఆయన చాలా తెలివైనవాడు, ఆయన చెప్పిన అకౌంటుకే పంపు' అని ఉండాది. నా కూతురు ఆ మాట రాసేదే లేదు."

కాబట్టి సకల దేవతల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. తొందరపెట్టే మెయిలును తీరిగ్గా చదువుతాను. అందులోని లింకు నొక్కను, నంబరుకు ఫోను చేయను. పాస్‌వర్డు బ్రహ్మదేవుడే ఉచితంగా మార్చి పెడతానన్నా చెప్పను. ఇక నన్ను తెలివైనవాడని పొగుడుతూ ఏ మెయిలు వచ్చినా, రెండో మాట చదవకుండా స్పామ్‌లో పడేస్తాను.