పథ్యం గెలిచిన ఇల్లు

దద్దుర్లు మొదటిసారి వచ్చిన రోజు, నా ఖర్మ కొద్దీ, మా ఇంట్లో రొయ్యల ఇగురు వండారు. బీరకాయ వండి ఉంటే నా బతుకు వేరేగా నడిచేది. తిన్న గంటకు మెడ, చేతులు, నడుము ఎర్రగా పొంగాయి. సాయంత్రానికి పెదవి వాచి మాట కూడా సరిగ్గా రాలేదు. ఆసుపత్రికి వెళ్ళి ఇంజెక్షన్ చేయించుకుని వచ్చేదాకా అత్తగారు నా చెయ్యి వదల్లేదు. ఆ భయం నిజమైనదే. తర్వాత జరిగినదంతా అందులోంచే వచ్చింది కాబట్టి, ఆమెను మనసారా తిట్టుకోవడం కూడా నాకు చేతకాలేదు.

మర్నాటి నుంచి వైద్యం ఆమె చేతిలోకి వెళ్ళింది. ఆమెది చల్లపల్లి పక్కన పల్లె. అక్కడ దద్దుర్లు వస్తే కంబళితో రుద్దుతారట. మే నెల బెజవాడలో, ఫ్యాను కట్టేసి, కంబళి కప్పి నన్ను కూర్చోబెట్టారు. చెమట పట్టిన చోటల్లా ఇంకో దద్దురు లేచింది.

"లోపలి విషం బయటికొస్తంది. ఓర్చుకో అమ్మాయ్," అనేవారు.

ఆ తర్వాత పథ్యం. ముందు రొయ్యలు పోయాయి. పిమ్మట ఏ రోజు దద్దురు కనిపిస్తే ఆ రోజు తిన్నది కూడా పోయేది. వంకాయ, గోంగూర, గుడ్డు, వేరుశనగ, చివరికి చింతపండు. దద్దుర్లేమో రోజూ వచ్చేవి. అలా రెండు నెలలు తిరిగేసరికి నా కంచంలో పాత బియ్యం అన్నం, బీరకాయ, పెసర కట్టు మిగిలాయి. నా ఎదురుగా కూర్చుని మావారు చేపల పులుసు తినేవారు, పాపం తల వంచుకునే.

అప్పుడు స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఈ దద్దుర్లది ఎంత దొంగబుద్ధి అంటే, పొద్దున ఒళ్ళంతా పరుచుకున్నవి డాక్టర్ గారి ముందు కూర్చునేసరికి మచ్చ కూడా లేకుండా మాయమయ్యాయి. ఫోన్‌లో ఫొటోలు చూపించాను. ఆవిడ అన్నీ అడిగి, రక్తపరీక్షలు చేయించి, చెప్పారు.

"ఆరు వారాలు దాటి రోజూ వస్తున్నాయంటే అది తిండి వల్ల అయ్యే అవకాశం చాలా తక్కువమ్మా. రొయ్యలు మానేసినా వస్తూనే ఉన్నాయి కదా. ఒంటిని కాపాడాల్సిన కణాలే ఊరికే రెచ్చిపోతున్నాయి. ఎందుకు అంటే చాలామందిలో కారణం దొరకదు."

దద్దుర్లు ఉన్నా లేకపోయినా రోజూ మాత్ర వేసుకోవాలన్నారు. తగ్గాయి కదా అని ఆపొద్దన్నారు. వేడి, బిగుతు బట్టలు, కొన్ని నొప్పి మాత్రలు వీటిని ఎక్కువ చేస్తాయని జాగ్రత్త చెప్పి, తిండి మాత్రం మామూలుగా తినమన్నారు.

కారణం దొరకదన్న మాట మా ఇంట్లో ఎవరికీ మింగుడు పడలేదు.

"కారణం లేకుండా ఎట్టా వస్తయ్యి?" అన్నారు అత్తగారు. మాత్ర వేసుకోనిచ్చారు గానీ పథ్యం సడలించలేదు. నెల తిరక్కుండా దద్దుర్లు తగ్గాయి. ఆ గెలుపు పథ్యం ఖాతాలో పడింది. ఇక మాత్రలు దేనికి, కిడ్నీలు పాడవుతాయని మాన్పించారు. వారానికల్లా అవి మళ్ళీ లేచాయి. ఈసారి కారణం దొరికింది. అది నేనే.

"ఆఫీసులో ఏం తిన్నావో నిజం చెప్పు."

ఏమీ తినలేదని బిడ్డ మీద ఒట్టేసి చెప్పినా నమ్మలేదు. ఆ కోపం నాలో ఇప్పటికీ చల్లారలేదు. మాత్రల షీటు ఆఫీసు సొరుగులో పెట్టుకుని రోజూ ఒకటి వేసుకోవడం మొదలుపెట్టాను. ఒళ్ళు మళ్ళీ శుభ్రపడింది. మూడో నెల ఒక ఆదివారం మా చర్చిలో అత్తగారు లేచి నిలబడి సాక్ష్యం చెప్పారు. దేవుడు తనకిచ్చిన జ్ఞానంతో పథ్యం పెట్టారట, మాత్ర ముట్టకుండా కోడలు బాగుపడిందట. అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను. ఆ రోజు నుంచి చర్చి భోజనాల్లో కూర వడ్డించేవాళ్ళు కూడా నన్ను దాటి వెళ్ళడం మొదలుపెట్టారు.

డాక్టర్ గారిని మళ్ళీ అడిగి ధైర్యం తెచ్చుకుని, ఆఫీసులో పక్క సీటు మేడమ్ క్యారియర్‌లోంచి వంకాయ కూర తిన్నాను. రెండు రోజులు ఒళ్ళు చూసుకున్నాను. తర్వాత గుడ్డు, ఆ తర్వాత రొయ్యలు. ఒక్క దద్దురు లేవలేదు. నాది తప్పు కాదనడానికి ఇంతకంటే రుజువు లేదు. కానీ దాన్ని చూపించాలంటే దొంగతిండి తిన్నానని ముందు ఒప్పుకోవాలి.

ఒక సాయంత్రం మావారు నా చెయ్యి పట్టుకున్నారు. ఎన్నాళ్ళకో కదా అని సంబరపడ్డాను. ఆయన దాన్ని ముక్కు దగ్గరికి తీసుకెళ్ళారు.

"రొయ్యలు తిన్నావా?"

"తిన్నాను. రెండు నెలల నుంచీ అన్నీ తింటున్నాను. మాత్ర కూడా వేసుకుంటున్నాను."

నా రెండు చేతులూ తిప్పి తిప్పి చూశారు. ఎక్కడా ఏమీ లేదు. ఆయనకు అర్థమైందని మొహంలోనే తెలిసింది.

"అమ్మకి చెప్పకు," అన్నారు. "చర్చిలో సాక్ష్యం చెప్పేసింది కదా."

చెప్పకుండానే ఉండేదాన్నేమో. ఆ మరుసటి వారం చర్చికి వచ్చే ఒకావిడ మా ఇంటికి వచ్చింది. నాలుగు నెలలుగా దద్దుర్లట. డాక్టర్ రాసిన మాత్రలతో సగం తగ్గాయట. అత్తగారు పథ్యం అంతా కాగితం మీద రాసిచ్చారు.

"ఆ మాత్రలు అవతల పారెయ్యమ్మా. మా కోడల్ని చూడు," అన్నారు.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డ నాకు సిగ్గుతో ఒళ్ళు మండిపోయింది. గేటు దాకా ఆవిడ వెనకే వెళ్ళాను.

"మాత్రలు మానకండి. నాకు తగ్గింది వాటితోనే. ఇప్పటికీ రోజూ వేసుకుంటున్నాను. నిన్న రొయ్యలు కూడా తిన్నాను."

 ఆవిడ నా భుజం తట్టింది.

"అత్తాకోడళ్ళన్నాక ఇయ్యన్నీ ఉంటయ్ లెండి. పాపం పెద్దావిడ, మీ కోసం అంత చేసింది. ఆమె మీద కోపంతో అట్టా అనబాకండి."

కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని ఆటో ఎక్కింది. జాకెట్టు అంచు పైన ఆవిడ మెడ మీద దద్దుర్లు అప్పుడే లేస్తున్నాయి.